దోనెలో పిల్లకి డైలాగ్ అందించిందెవరు?

నా దగ్గర దెయ్యాల సంగతి ఎత్తిన వాళ్ళు ఎవరూ సంతోషంగా వెనక్కి వెళ్ళలేదు. ఎక్కడ చూశావు, ఎంత వెలుతురు ఉంది, పక్కన ఎవరున్నారు అని లాయరులా అడిగి వాళ్ళ ముచ్చట చెడగొట్టేవాణ్ణి. మాది తాడేపల్లిగూడెం. నాన్నకు సైకిళ్ళ కొట్టు. చిన్నప్పుడు నానమ్మ జిన్నుల కథలు చెబుతుంటే అన్నం తింటూనే నవ్వేవాణ్ణి. "నవ్వు ఖాదరూ, నవ్వు. నీకూ ఓ రోజు వస్తాదిలే" అనేది ఆవిడ.

ఆ రోజు వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇందులో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. పట్టపగలు, ముప్పై మంది యూనిట్ చూస్తుండగా కొల్లేటిలో జరిగింది. చూసింది చూసినట్టు రాస్తాను.

అప్పట్లో నేను టీవీ సీరియళ్ళకు డైలాగుల అసిస్టెంటుని. పేరు ఘనంగా ఉంటుంది గాని, చేసే పని ప్రాంప్టింగ్. కెమెరా పక్కన కాగితాలు పట్టుకుని నిలబడి ఒక్కో ముక్కా పైకి చదవాలి. నటులు చెవి ఇటు పారేసి, ఆ ముక్కను భావంతో తిరిగి చెబుతారు. బొమ్మతో పాటు నా గొంతు కూడా రికార్డవుతుంది. తర్వాత హైదరాబాదులో డబ్బింగ్ చెప్పించి దాన్ని తుడిచేస్తారు. ఎన్నో ఎపిసోడ్లలో నా గొంతు పుట్టింది, చచ్చింది. ఇంట్లో వాళ్ళు కూడా వినలేదు.

మేం తీస్తున్నది 'మంగ దోనె' అనే పిల్లల నవల. యాభై ఏళ్ళ కిందటి పుస్తకం. రచయిత్రి ఏలూరు ఆవిడ, ఎప్పుడో పోయారు. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు, ఆ కుటుంబం వాళ్ళు వద్దన్నారు. కథ చిన్నది. ముసురు రోజుల్లో తండ్రి తాటిదోనె కట్టుతాడు తెగి కొట్టుకుపోతుంది. మంగ అనే జాలరి పిల్ల ఎవరికీ చెప్పకుండా ఈదుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత రెల్లు దుబ్బుల మధ్య దారి తప్పుతుంది. పక్షులూ, ఆకలీ, భయమూ, ఆ పిల్ల మొండితనమూ, అదంతా పుస్తకం. చివరి వాక్యం: "దూరంగా గట్టు కనపడింది."

అంతే. మంగ ఇంటికి చేరిందో లేదో ఉండదు. మా స్కూల్లో తెలుగు మాస్టారు పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చారు. చేరింది అని నేను రాస్తే, ఆధారమేదని సగం మార్కులు కోశారు. పెద్దయ్యాక వ్యాసాల్లో చదివాను, ఆ ముగింపు గొప్ప శిల్పమట. పాఠకుడి ఊహకు వదిలేయడమట. నాకు మాత్రం ఆ సగం మార్కుల కోపం పోలేదు.

నవల హక్కులు రచయిత్రి అక్క కూతురు శేషారత్నం గారివి. ఏలూరులోనే ఉంటారు, రిటైరైన టీచరు, ఒక్కరే మనిషి. ఒప్పందం రోజున నేనూ వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, ఒకే ఒక్క షరతు పెట్టారు.

"ఏవండీ, మధ్యలో మీ అవసరానికి ఏం మార్చుకున్నా పర్లేదండీ. టీవీ సంగతి నాకు తెలవదు. కానీ గట్టు కనపడ్డాక ఒక్క ముక్క కూడా కలపొద్దు. అక్కడితో ఆపెయ్యండి."

డైరెక్టర్ గారు తలూపారు. పిన్నిగారి కళ మీద అక్క కూతురికి అంత గౌరవం ఉందని నేను అనుకున్నాను.

గౌరవం గౌరవమే, రేటింగ్ రేటింగే. కారెక్కగానే డైరెక్టర్ గారు మొదలుపెట్టారు. గట్టు కనపడటం ఏంటయ్యా, జనం టీవీ పగలగొడతారు, మంగ మునిగిపోవాలి, తల్లి గట్టు మీద గుండెలు బాదుకోవాలి అన్నారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండు ముగింపులూ తీసి పెట్టుకుందాం, ఆవిడకు ఇప్పుడే చెప్పొద్దు అన్నారు. నాకది నచ్చలేదు. ఆ పిల్లను నేను ఎనిమిదో క్లాసులోనే ఇంటికి చేర్చాను. కానీ ప్రాంప్టర్ అభిప్రాయం అడిగే యూనిట్ ఇంకా పుట్టలేదు.

షూటింగ్ కొల్లేటికోట వైపు పెట్టాం. సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన తర్వాతి శీతాకాలం అది. ఆ గట్ల మీద బతికిన వాళ్ళ ఏడుపు ఒకవైపు ఉంది. మాకు మాత్రం కనుచూపు మేర నీళ్ళు దొరికాయి, పాతకాలం కొల్లేరు ఇలాగే ఉండేదని ముసలివాళ్ళు చెప్పారు. అయినా పాతకాలం అంత సులువుగా రాదు. ఎటు కెమెరా పెట్టినా ఒక సెల్ టవర్. ఆకివీడు నుంచి చేపల లారీల హారన్లు. గట్టున ఆరేసిన నైలాన్ వలలన్నీ నీలం రంగువి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు రోజూ పొద్దున్నే వలలు తీసెయ్యమని బతిమాలడం, సాయంత్రానికి అవి మళ్ళీ వేలాడటం. తాటిదోనె ఒక్కటి సంపాదించడానికి వారం తిరిగాం, అందరి దగ్గరా ఫైబర్ పడవలే ఉన్నాయి.

మంగ వేషం వేసిన పాప పేరు హారిక. తాడేపల్లిగూడెం పిల్లే, తొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు మీడియం కావడంతో తెలుగు చదవడం దాదాపు రాదు. పుస్తకం చదవలేదు, స్క్రిప్టు చదవలేదు. నేను ఏది అందిస్తే అది చెబుతుంది. డైలాగుకూ డైలాగుకూ మధ్య తల కొంచెం ఎడమకు వంచి, రెప్ప వెయ్యకుండా వింటుంది. విని, అచ్చు దింపేస్తుంది. ఎంతగా అంటే, ఒకసారి ఏడుపు సీనులో నాకు పొలమారింది. "ఆగమ్మా, దగ్గొచ్చింది" అన్నాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో "ఆగమ్మా, దగ్గొచ్చింది" అని వాళ్ళమ్మ వేషం వేసిన ఆవిడ కాళ్ళు పట్టుకుంది. యూనిట్ అంతా పడిపడి నవ్వింది. ఆ రోజు నుంచి నాకు దగ్గు మాస్టారని పేరు.

ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆ పిల్ల సొంతంగా ఏదీ కల్పించదు. విన్నదే చెబుతుంది.

ముగింపు తీసిన రోజు మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది. మొదట డైరెక్టర్ గారి ముగింపు తీస్తున్నాం. దోనె దూరంగా ఉండాలి, అందులో పిల్ల ఒక్కతే ఉండాలి. అక్కడ నీళ్ళు పెద్దవాళ్ళ నడుము లోతే, అయినా భయానికి దోనెకు నీళ్ళలోంచి తాడు కట్టి, ఆ కొస గట్టు మీద మా పక్కనే ఇద్దరు జాలర్లు పట్టుకున్నారు. దోనె చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. పాప జాకెట్టు లోపల కార్డ్‌లెస్ మైకు పెట్టాం. ఎదురుగాలి కాబట్టి నా గొంతు అంత దూరం పోదు. అందుకని ముందే గట్టు మీద కూర్చోబెట్టి ఒకే ఒక్క డైలాగు బట్టీ పట్టించాను. "అమ్మా, గట్టు కనపడతంది" అని మూడుసార్లు అరవాలి, దోనెలో కూలబడాలి. మునిగిపోయేది తర్వాత పాప బదులు బొమ్మను పెట్టి తీస్తారు.

యాక్షన్ చెప్పారు. నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. పిల్ల లేచి నిలబడి ఒకసారి అరిచింది. బాగానే వచ్చింది. రెండోసారికి నోరు తెరిచి, ఆగిపోయింది.

తల ఎడమకు వంచింది.

నేను ప్రాంప్టింగ్ ఇవ్వడం లేదు. కాగితాలు నా చంకలో ఉన్నాయి. హెడ్‌ఫోన్లలో గాలి, దోనెకు తగిలే నీటి చప్పుడు, అంతే. ఆ పిల్ల మాత్రం వింటున్నప్పటి మొహంతో కాసేపు నిలబడింది. తర్వాత నెమ్మదిగా, అరవకుండా, పాఠం ఒప్పజెబుతున్నట్టు చెప్పింది.

"దూరంగా గట్టు కనపడింది."

ఆగింది. తల వంచింది. విన్నది.

"మంగ దోనె దిగింది."

మళ్ళీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు.

"అమ్మ ఇంకా అన్నం తినకుండా కూర్చుని ఉంది."

ఇంకోసారి తల వంచి, అదే గొంతుతో, "రాశావా? ఏదీ, చదువు" అంది. అని దోనెలో కూర్చుండిపోయింది.

కట్ చెప్పాక తాడు లాగించి పిల్లను ఒడ్డుకు తెచ్చాం. భయమేమీ లేదు ఆ మొహంలో. మంచినీళ్ళు తాగి, బిస్కెట్లు అడిగింది. డైలాగు ఎందుకు మార్చావని డైరెక్టర్ గారు అడిగితే, ఈ పెద్దవాళ్ళకేమైంది అన్నట్టు చూసింది.

"చెప్పారు కదండీ, అదే చెప్పాను."

ఎవరు చెప్పారమ్మా అన్నాను నేను. "మీరు కాదండీ. ఇంకో మేడమ్ గారు" అంది. ఎక్కడున్నారంటే, కనపళ్ళేదండీ, ప్రాంప్టింగ్ వినపడుద్ది గాని కనపడదు కదా అంది. ఆ పిల్ల వరకు అది నిజమే. కెమెరా వైపు చూడకూడదని నేర్పింది మేమే.

డైరెక్టర్ గారు నన్ను పక్కకు తీసుకెళ్ళారు. తిడతారనుకున్నాను, భుజం తట్టారు. "అన్నం తినకుండా కూర్చుందన్నావు చూడు, చంపేశావయ్యా. ముందే చెప్పొచ్చుగా" అన్నారు. నేను రాయలేదంటే నమ్మలేదు. మరెవరు రాశారయ్యా, నీటికోళ్ళా అన్నారు. ఆ మూడు వాక్యాలూ చివర్లో వెనక గొంతుగా వాడదాం, మునగడం తీసేద్దాం, ఏలూరు వెళ్ళి ఆవిడ్ని ఒప్పించే బాధ్యత నీదే అన్నారు. మూడు కాళ్ళ కుందేలుకు నాలుగో కాలు రావడం ఆ ఒక్కరోజే చూశాను.

ఆ సాయంత్రం టేపు వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు విన్నాను. వేరే గొంతు ఏదీ లేదు. ఉంటే ఈ కథ ఎప్పుడో తేలిపోయేది. ఉన్నవి ఖాళీలు. ప్రాంప్టింగ్ ఇచ్చేవాడికి ఆ ఖాళీలు తెలుస్తాయి. గుర్తు తెచ్చుకుంటున్న పిల్ల తడబడుతుంది, ఊఁ అంటుంది, సగం మాట మింగుతుంది. అందించింది విని చెప్పే పిల్ల అవతలి వాక్యం అయ్యేదాకా ఊరుకుని, అది అవగానే అందుకుంటుంది. చిన్న వాక్యానికి ముందు చిన్న ఖాళీ ఉంది, పెద్ద వాక్యానికి ముందు పెద్ద ఖాళీ ఉంది. ఎవరో చదవడానికి ఎంతసేపు పడుతుందో అంత. అబద్ధమెందుకు, భయమేసింది.

మర్నాడు ఏలూరు వెళ్ళాను. శేషారత్నం గారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వరండాలో కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పే ధైర్యం లేదు. యూనిట్‌లో ఒక చిన్న ముగింపు అనుకున్నాం అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"మొదటే చెప్పాను కదండీ, ఖాదర్ గారూ."

"అవునండీ. ఒక్కసారి వినండి, వద్దంటే మానేస్తాం."

మొదటి మూడు వాక్యాలూ చెప్పాను. ఆవిడ మొహం మారలేదు. బావుందండీ, కానీ వద్దు అన్నారు. ఎవరు రాశారో వాళ్ళకు చెప్పండి, వాళ్ళ తప్పేం లేదు, ఇది రాయాల్సిన వాళ్ళు రాయాలి అన్నారు. లేచే ముందు వాతావరణం తేలికపరచాలని, మా పాప చేసిన తమాషా చెప్పాను. నా దగ్గు సంగతి చెప్పాను, నవ్వారు. నిన్న కూడా అలాగే డైలాగంతా చెప్పి చివర్లో "రాశావా? ఏదీ, చదువు" అందండీ, ఎక్కడ విన్నదో ఏమో అన్నాను.

చిక్కుడుకాయల పళ్ళెం ఆవిడ ఒళ్ళోంచి జారిపోయింది. తీసుకోలేదు.

"మళ్ళీ అనండి" అన్నారు.

అన్నాను. అప్పుడు మొదటి నుంచీ, తాడు, దోనె, తల వంచడం, ఖాళీలు, ఏదీ దాచకుండా చెప్పాను. విని ఆవిడ చెప్పింది ఇది.

ఆ నవల రాసింది పిన్ని, కానీ కాగితం మీద పెట్టింది శేషారత్నం గారు. పిన్నికి చివరి రోజుల్లో చూపు పోయింది. బడి వదిలాక పన్నెండేళ్ళ పిల్ల ఇదే వరండాలో రాతబల్ల ముందు కూర్చునేది. పిన్ని ఒక వాక్యం చెప్పేది, ఆగేది, రాశావా అనేది. రాశాను అంటే, ఏదీ, చదువు అనేది. చదివితే తల ఊపి, తర్వాతి వాక్యం చెప్పేది. పుస్తకమంతా అలాగే నడిచింది. రాశావా, చదువు అనే ఆ పద్ధతి ఇంట్లో పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

"గట్టు కనపడిందని రాసిన రోజు నేను ఆగలేక అడిగేశానండీ. మంగ ఇంటికెళుతుందా పిన్నీ అని. రేపు రా, చెబుతాను, రాసుకుందువు గాని అంది. తెల్లారేసరికి జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంక రాలేదు."

పుస్తకం వేసిన వాళ్ళు చివర ఒక వాక్యం కలపమ్మా, నీకు తెలుసుగా అన్నారట. ఆ పిల్ల కలపలేదు. పిన్ని చెప్పనిది నేను రాయనని ఏడ్చింది. అలాగే అచ్చేశారు. గొప్ప శిల్పమని అందరూ మెచ్చుకున్నారు. తను టీచరైనాక, అదే ప్రశ్న పిల్లలకు ఇవ్వాల్సి వచ్చింది. చేరిందని రాసిన వాళ్ళకీ, చేరలేదని రాసిన వాళ్ళకీ నిండా మార్కులు వేసేవారట. ఎందుకంటే ఆవిడకే తెలియదు. డెబ్బై ఏళ్ళ వైపు వెళుతున్న మనిషి, మంగ ఇంటికి చేరిందో లేదో అన్న బెంగ పన్నెండేళ్ళప్పటిది అలాగే ఉంది.

నేను మళ్ళీ నా లాయరు పని చేశాను, అప్పుడూ, తర్వాత కూడా. హారిక తల్లిని అడిగాను, వాళ్ళకు ఏలూరులో ఎవరూ లేరు. శేషారత్నం గారిని ఆ పాప ఎప్పుడూ చూడలేదు. తాడు పట్టుకున్న జాలర్లు నా పక్కనే ఉన్నారు, నోరు విప్పలేదు. మైకు మాట పట్టుకుంటుంది గాని చెవికి వినిపించదు. స్క్రిప్టులో మంగ "నేను" అంటుంది, పాప చెప్పింది "మంగ దోనె దిగింది" అని, పుస్తకం భాషలో. పుస్తకం ఆ పిల్ల చదవలేదు. చదివినా ఆ వాక్యం అందులో లేదు. హారిక ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ మధ్య అడిగితే షూటింగ్ అంటే బిస్కెట్లు గుర్తున్నాయండీ అంది.

ఆ ముగింపుకు శేషారత్నం గారు ఒప్పుకున్నారు. సీరియల్ మధ్యాహ్నం పూట వచ్చింది. పెద్దగా ఎవరూ చూడలేదు. మంగ మాత్రం ఇంటికి చేరింది.

ఆ రోజు ఏలూరులో జరిగిన చివరి సంగతి ఒకటి ఉంది. శేషారత్నం గారు లోపలికి వెళ్ళి తన పాత 'మంగ దోనె' ప్రతి తెచ్చుకున్నారు. ఆఖరి పేజీ తీశారు. పెన్ను నా దగ్గరే అడిగి తీసుకున్నారు. "దూరంగా గట్టు కనపడింది" కింద ఖాళీ స్థలంలో, టీచరు దస్తూరీతో, తొందరపడకుండా మిగిలిన రెండు వాక్యాలూ రాశారు.

"రాశాను" అన్నారు. నాతో కాదు.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. గట్టు కనపడిందనీ, మంగ దోనె దిగిందనీ, అమ్మ ఇంకా అన్నం తినకుండా కూర్చుని ఉందనీ చదివారు. చదవడం అయ్యాక పుస్తకం మూయలేదు. తల కొంచెం పక్కకు వంచి, రెప్ప వెయ్యకుండా ఆగారు.

ఆ వరండాలో నాకేమీ వినపడలేదు. ఆవిడ మాత్రం కాసేపటికి, "సరే పిన్నీ" అన్నారు.